సర్పంచ్‌కి ఓటేస్తాం సరే.. పవర్ ఎవరి చేతిలో ఉంది?

వీధి లైటు వెలగకపోయినా, మంచినీళ్ల మోటారు కాలిపోయినా ఊళ్లో జనం మొదట వెళ్లేది సర్పంచ్ ఇంటికే. చాలాసార్లు వినిపించే జవాబు ఒకటే.. "ఫండ్స్ లేవు, పైనుంచి రావాలి." అధికారం పైనే ఉండాలా, కిందికి దిగాలా అన్న గొడవంతా ఈ ఒక్క మాటలోనే ఉంది.

పంచాయతీరాజ్ మనకు కొత్తేం కాదు. 1959 అక్టోబర్ 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో నెహ్రూ ప్రారంభించారు. అదే నెలలో షాద్‌నగర్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా మొదలుపెట్టింది. కానీ ఎన్నికలు ప్రభుత్వం పెడితే పెట్టినట్టు, లేదంటే లేదు. అందుకే 73వ రాజ్యాంగ సవరణ వచ్చింది. 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లో ఉంది.

అసలు ట్విస్ట్ ఇక్కడే. ఐదేళ్లకోసారి ఎన్నికలు జరపాల్సిందే అని రాజ్యాంగం చెప్పింది. అధికారాల దగ్గరికొచ్చేసరికి మాత్రం, 243జీ ఆర్టికల్‌లో రాష్ట్రాలు 'ఇవ్వొచ్చు' అని ఊరుకుంది. తాగునీరు, రోడ్లు, బడులు సహా 29 అంశాల లిస్ట్ 11వ షెడ్యూల్‌లో ఉంది. అందులో ఎన్ని పంచాయతీలకు వదలాలో రాష్ట్రాల ఇష్టం. అంటే కుర్చీకి గ్యారంటీ ఉంది, పవర్‌కి లేదు!

కేరళ 1996లో రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకే ఇవ్వాలని నిర్ణయించింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను కూడా వాటికే అప్పగించింది.

మన దగ్గర? తెలంగాణ 2018 చట్టం ఉపసర్పంచ్‌కూ ఉమ్మడి చెక్ పవర్ ఇచ్చింది, సర్పంచ్‌ను తొలగించే అధికారం కలెక్టర్‌కు ఇచ్చింది. నిధులు పక్కదారి పట్టకుండా చూడటం అవసరమే, కాదనలేం. కానీ జనం ఎన్నుకున్న మనిషిని ఒక అధికారి ఇంటికి పంపడం ఏంటనే ప్రశ్న అలాగే ఉంది. పైగా తప్పనిసరి అన్న ఎన్నికలూ టైమ్‌కి జరగలేదు. 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్‌లో ఎన్నికలు జరిగేదాకా ప్రత్యేక అధికారులే నడిపారు. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లు రావన్నది అప్పటి రూల్. ఆ గ్రాంట్ల డబ్బులోనూ 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాల్సి ఉండేది.

మీ పంచాయతీకి ఎంతొచ్చింది, దేనికి ఖర్చయింది.. ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో ఊరి పేరుతో చూడొచ్చు.