గుమ్మి, పాతర

చరిత్ర అనగానే కోటలూ శాసనాలూ తలపునకు వస్తాయి. రైతు తన పెరటిలో స్వహస్తాలతో కట్టుకున్న ధాన్యపు కొట్టుకు మాత్రం ఏ శాసనమూ లేదు. బాన్సువాడ సీమను తలచినప్పుడల్లా నాకు ఆ లోటే కనిపిస్తుంది.

పాతర భూమిలోనిది. మెరక నేలలో గుంత తవ్వి, చుట్టూ గడ్డి పరచి, జొన్నలు నింపి, బండ కప్పి, మట్టితో మెత్తేవారు. గింజలు లోపలి ప్రాణవాయువును పీల్చి బొగ్గుపులుసు వాయువును విడుస్తాయి. ఇక పురుగు బతకదు. మూత తీసిన వెంటనే దిగితే మనిషికీ ప్రాణగండమే.

గుమ్మి నేలమీదిది. మిత్రులు ఎరిగిన గాదెకు, గరిసెకు దగ్గరి చుట్టం. వెదురుబద్దలతో నిలువెత్తు బుట్ట అల్లి, రాళ్ళపై నిలిపి, మట్టీ పేడా కలిపి అలికేవారు. వడ్లు పైనుంచి పోసి, అడుగు కంతలోంచి తీసేవారు.

1931లో మంజీరపై నిజాంసాగర్ పూర్తయ్యాక ఇక్కడ వరి విస్తరించింది. చెమ్మ నేలలో పాతర నిలవదు గనుక గుమ్మిదే పైచేయి అయి ఉంటుందని నా ఊహ. రెండవ ప్రపంచయుద్ధకాలంలో నిజాం ప్రభుత్వం లెవీ ధాన్యం వసూలు చేసినప్పుడు, ఇంట నిలవ ఉంచిన గింజ తెలంగాణ రైతుకు బతుకు సమస్య అయింది.

1965లో భారత ఆహార సంస్థ ఏర్పడింది. నేడు వడ్లు కల్లం నుంచే కొనుగోలు కేంద్రానికి పోతున్నాయి. నిలవ భారం తప్పింది, నిజమే. కాని ధర వచ్చేదాకా ఆగగల శక్తి కూడా గుమ్మితోనే పోయింది. తేమ ఎక్కువని తూకం ఆగి, అకాలవర్షం కురిస్తే రాశి ఆరుబయటే తడుస్తుంది. పెరటి కొట్టు విలువ ఆనాడు తెలుస్తుంది.