కంద దురద నుంచి కాల్షియం ఆక్సలేట్ కొలిమి దాకా: ఉష్ణ స్థిరత్వం ఒక్క అంకె కాదు

కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత. ఆ దురదలో పెద్ద పాలు ఒక లోహ సమ్మేళనానిదే. కపిలేశ్వరపురం గోదావరి పాయ గౌతమి ఒడ్డున ఉంది. ఆ చుట్టుపక్కల లంక నేలల్లో పండే కందను కోసినప్పుడు చేతికి గుచ్చుకునేవి కాల్షియం ఆక్సలేట్ సూది స్ఫటికాలు. కొవ్వూరు ప్రాంతపు కంద నుంచి ఎంపిక చేసిన గజేంద్ర రకానికి దురద తక్కువని పేరు. ఉడికిస్తే నీటిలో కరిగే ఆక్సలేట్లు కొంత వార్చిన నీటితో పోతాయి. స్ఫటికాలు మాత్రం చెక్కుచెదరవు. అవి ఎంత వేడికి విరుగుతాయన్నదే ఈ వ్యాసానికి ఆధారం.

కాల్షియం ఆక్సలేట్‌ను లవణమని వదిలేయడం అలవాటు. కానీ ఆక్సలేట్ ద్విదంత లైగాండ్, అంటే లోహాన్ని రెండు చోట్ల పట్టుకునేది. మోనోహైడ్రేట్ స్ఫటికంలో ఒక్కో కాల్షియం చుట్టూ ఎనిమిది ఆక్సిజన్లు ఉంటాయి, వాటిలో నీటి అణువుదీ ఉంది. అందుకే లోహ సంశ్లిష్టాల ఉష్ణ వియోగం నేర్చుకోవడానికి ఇంతకు మించిన పాఠం నాకు కనబడలేదు. వేడి చేస్తూ బరువు కొలిచే థర్మోబ్యాలన్స్ సరిగా పనిచేస్తోందా అని చూడటానికి ప్రయోగశాలలు వాడేదీ దీన్నే.

నూరు మిల్లీగ్రాములు తీసుకుని నైట్రోజన్‌లో వేడి చేద్దాం. సుమారు 100–200 డిగ్రీల సెల్సియస్ మధ్య నీరు పోయి 12.3 మి.గ్రా. తగ్గుతుంది. 400–500 మధ్య కార్బన్ మోనాక్సైడ్‌గా మరో 19.2 పోయి కాల్షియం కార్బొనేట్ మిగులుతుంది. 600 దాటాక కార్బన్ డయాక్సైడ్‌గా 30.1 పోతుంది. చివరికి మిగిలే 38.4 మి.గ్రా. సున్నమే. గుల్లసున్నం బట్టీలో జరిగేదీ ఈ మూడో మెట్టే.

లోహం మారితే దారే మారుతుంది. జింక్ ఆక్సలేట్ కార్బొనేట్ దగ్గర ఆగదు, నేరుగా ఆక్సైడ్ అవుతుంది. జడ వాయువులో రాగి, నికెల్ ఆక్సలేట్ల నుంచి మిగిలేది లోహం. ఆ లోహ అయాన్లు ఎలక్ట్రాన్లను తేలిగ్గా పుచ్చుకుంటాయి, కాల్షియం పుచ్చుకోదు.

వాతావరణం సంగతి ఇంకా ముఖ్యం. నీటి ఆవిరి నిండిన చోట మొదటి మెట్టు ఎక్కువ ఉష్ణోగ్రతకు జరుగుతుంది. రెండో మెట్టు నైట్రోజన్‌లో ఉష్ణం పీల్చుకుంటుంది. గాలిలో అయితే వెలువడిన మోనాక్సైడ్ మండి ఉష్ణం బయటికొస్తుంది. ఒక అట్మాస్ఫియర్ కార్బన్ డయాక్సైడ్‌లో మూడో మెట్టు సుమారు 900 డిగ్రీల దాకా మొదలే కాదు. పదార్థం ఒకటే, 'స్థిరత్వం' మూడు రకాలు.

ఇక చర్యా గతిశాస్త్రం. బరువు తగ్గే వక్రం నుంచి ఉత్తేజన శక్తిని లెక్కించే తమ పద్ధతిని 1958లో ఫ్రీమన్, కారల్ పరీక్షించింది ఈ మోనోహైడ్రేట్ మీదే. 1964లో వచ్చిన కోట్స్–రెడ్‌ఫెర్న్ పద్ధతికి ఒకే వేడి రేటు చాలు. ఆ సౌలభ్యమే ముప్పు తెచ్చింది. ఒకే వక్రానికి భిన్నమైన చర్యా నమూనాలు ఇంచుమించు సమానంగా సరిపోతాయి, ఒక్కోటి ఒక్కో ఉత్తేజన శక్తిని ఇస్తుంది. సహసంబంధ గుణకం 0.999 వచ్చిందని సంబరపడి అచ్చు వేసే పట్టికలను నేను నమ్మను. 1957లో కిసింజర్ చూపిన దారి వేరు. వేడి రేటు మార్చి, గరిష్ఠ వేగపు ఉష్ణోగ్రత ఎలా జరుగుతుందో చూస్తాం. రేటును కెల్విన్‌లలో ఆ ఉష్ణోగ్రత వర్గంతో భాగించి, సహజ సంవర్గమానాన్ని ఉష్ణోగ్రత విలోమానికి ఎదురుగా గీస్తే, వాలును −8.314తో గుణించగా ఉత్తేజన శక్తి వస్తుంది. ఇదీ ఒక్క అంకెనే ఇస్తుంది. కొన్ని వేడి రేట్ల దగ్గర, వియోగం పది శాతం, ఇరవై శాతం అంటూ ప్రతి దశలో విడిగా లెక్కిస్తే ఆ శక్తి నిలకడగా ఉందో లేదో తేలుతుంది. నిలకడ లేదంటే అక్కడ ఒకటికి మించిన చర్యలు కలిసి నడుస్తున్నాయన్నమాట.

కార్బొనేట్ మెట్టు దగ్గర అదీ చాలదు. మూసలో పొడి దట్టంగా పోస్తే వెలువడిన వాయువు అక్కడే నిలిచి చర్యను వెనక్కి నెడుతుంది. అప్పుడు మనం కొలిచేది బంధం బలాన్ని కాదు, వాయువు బయటపడే తీరును. కంద నుంచి వేరుచేసిన సూదులను, గాజు పాత్రలో అవక్షేపించిన పొడిని పక్కపక్కన పోల్చేవారు ముందు నమూనా బరువు, రేణువుల పరిమాణం, మూస ఆకారం, వాయు ప్రవాహం రాయాలి. కిలోజౌళ్లు ఆ తర్వాత రాయవచ్చు.