మహామారియు శస్త్రవైద్యుఁడును

శస్త్రవైద్యమునకు మన పూర్వులు శల్యతంత్రమని పేరిడిరి. శల్యమనఁగా దేహమున నాటుకొన్న బాణపుములికి మొదలగు పరవస్తువు. కంటికిఁ గానవచ్చి చేతికిఁ జిక్కు శత్రువును పెఱికివేయుట యీ విద్యకు ముఖ్యధర్మమని యా పేరే తెలుపుచున్నది. కంటికిఁ గానరాని సూక్ష్మజీవి లోకమునెల్ల నాక్రమించినప్పుడు కత్తిపట్టిన వైద్యుని పని యేమగునో విచారింపఁదగినది.

శస్త్రవైద్యుఁడు ధరించు ముసుఁగుతో నారంభింతము. 1897వ సంవత్సరమున బ్రెస్లావు నగరమందు కార్ల్ ఫ్లూగ్గె యను శాస్త్రజ్ఞుఁడు, మాటలాడునపుడు నోటినుండి వెడలు తుంపరలలో సూక్ష్మజీవులుండునని నిరూపించెను. ఆ యేఁటనే యా నగరపు శస్త్రవైద్యుఁడు మికులిచ్ పలుచని గుడ్డను ముఖమునకుఁ గట్టుకొని చికిత్స చేయనారంభించెను. వైద్యునినుండి రోగిని కాపాడుటయే దాని ప్రయోజనము. 1910 సంవత్సరాంతమున మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు చెలరేఁగెను. పినాంగులో జన్మించి కేంబ్రిడ్జిలోఁ జదివిన వూ లియెన్‌-తె యను వైద్యుఁడు హార్బిను నగరమునకుఁ బోయి, వ్యాధి శ్వాసమూలమున వ్యాపించుచున్నదని గ్రహించి, దూది పొదిగిన గుడ్డముసుఁగును ధరింపవలెనని విధించెను. ఆయన మాటను త్రోసివేసి ముసుఁగులేక రోగులను పరీక్షించిన ఫ్రెంచి వైద్యుఁడు మెస్నీ 1911 జనవరిలో నా వ్యాధిచేతనే మరణించెను. సుమారు 60,000 మందిని బలిగొన్న యా యుపద్రవముతో ముసుఁగు వైద్యునిఁ గూడఁ గాపాడు సాధనమయ్యెను.

2019 డిసెంబరులో వూహాన్ నగరమందు క్రొత్తవ్యాధిని గూర్చి తోడివైద్యులను హెచ్చరించిన లీ వెన్‌లియాంగ్ నేత్రవైద్యుఁడు. ఆయనయు నా వ్యాధికే లోనై 2020 ఫిబ్రవరి 7వ తేదీని కన్నుమూసెను. ఆ మార్చి 17వ తేదీని ఇంగ్లండు ప్రజావైద్యసంస్థయు, 20వ తేదీని భారతప్రభుత్వమును అత్యవసరములు కాని శస్త్రచికిత్సలను వాయిదా వేయవలెనని వైద్యశాలలకుఁ దెలియఁజేసెను. మంచములు, శ్వాసయంత్రములు, మత్తుమందునిచ్చు వైద్యులు, అన్నియు శ్వాసరోగులకే కావలసివచ్చెను. హైదరాబాదులోని గాంధీ వైద్యశాల కోవిడ్ రోగులకే ప్రత్యేకింపఁబడెను. పండ్రెండు వారములలో ప్రపంచమున 2 కోట్ల 84 లక్షల చికిత్సలు ఆగిపోవునని పరిశోధకులు అంచనా వేసిరి.

వాయిదాకు వేఱొక హేతువును గలదు. 24 దేశములలో శస్త్రచికిత్సకు ముందువెనుకల కోవిడ్ సోఁకిన 1,128 మంది రోగులను పరిశీలింపఁగా, నూటికి దాదాపు 24 గురు ముప్పది దినములలో మరణించినట్లు 2020 మే నెలలోఁ బ్రకటింపఁబడెను. సగముమందికి ఊపిరితిత్తుల యుపద్రవములు కలిగెను. వ్యాధి సోఁకినవారికి, వీలైనచో, ఏడు వారములు తాళి చికిత్స చేయుట మేలని 2021లోఁ దేలెను. పూర్వమునుండి సాగుచున్న యొక యమెరికా పరిశోధనయు 2020 అక్టోబరులో వెలువడి, ఉండుకము వాచిన రోగులలోఁ బదింట ఏడుగురికి, ఆంటీబయాటిక్ మందులతోనే, తొంబది దినములు కత్తి యక్కఱలేకపోయెనని చూపెను. ఎప్పుడు కోయవలెనో తెలిసినట్లే యెప్పుడు కోయరాదో తెలియుటయు శస్త్రవిద్యలో భాగమే.

అయినను తాళుటకును హద్దు కలదు. అత్యవసరము కానిది అనావశ్యకమని మన మనుకొందుము. ఈ భ్రమ మిక్కిలి కీడు చేయునది. కంటిశుక్లము ముదిరిన వృద్ధురాలికి ఆఱు నెలల వాయిదా యనఁగా ఆఱు నెలల చీఁకటి. తుంటికీలు అరిగిన కూలివానికి వాయిదా యనఁగా జీవనోపాధి నాశము. కడుపులో వ్రణము పెరుగుచున్నవానికి అదియే ప్రాణహాని. ఇంగ్లండులో 2020 ఫిబ్రవరిలో సుమారు 46 లక్షలున్న చికిత్సల నిరీక్షణపట్టిక 2023 సెప్టెంబరునాఁటికి 77 లక్షలు దాఁటెను. ధనవంతుఁడు వేఱొకచోటికిఁ బోఁగలఁడు. పేదవాఁడు పట్టికలోనే నిలుచును.

కావున మఱల నిట్టి విపత్తు వచ్చులోపల నంటురోగులతో సంపర్కములేని శస్త్రశాలలను, ప్రత్యేకపు మంచములను, సిబ్బందిని జిల్లాజిల్లాకు నేర్పఱచుట ప్రభుత్వముల విధియని మా యభిప్రాయము. ముసుఁగు వలెనే యిదియు వ్యాధి రాకముందే సిద్ధపఱుపవలసిన వస్తువు.