జాడ చదివిన వేటగాడు

ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగమున కలహారి యను విశాలమైన ఇసుకనేల కలదు. బోట్స్వానా దేశములో అధికభాగము ఇదియే. వేటాడుచు, కందమూలములు సేకరించుకొనుచు ఇచ్చట తరతరములుగా జీవించిన సాన్ ప్రజలలో ఒక విచిత్రమైన వేట పద్ధతి యుండెను. ఇందు వేటగానికి గుఱ్ఱము లేదు, తుపాకి లేదు, దారి చూపువాడును లేడు. జింక అలసి నిలిచిపోవువరకు కాలినడకను, పరుగునను దానిని వెంబడించుటయే ఈ వేట.

వారు ఇట్లు తరిమిన మృగములలో ముఖ్యమైనది కుడు. మెలిదిరిగిన కొమ్ములును, మేనిపై సన్నని తెల్లచారలును గల పెద్ద జింక ఇది. కొద్ది దూరపు పరుగులో మానవుడు దీనికి సాటి కాడు. అట్లయిన గెలుపెట్లు?

రహస్యము వేడిమిలో నున్నది. మానవుని చర్మముపై రోమములు పలుచన. ఒడలెల్ల చెమర్చును, చెమట ఆవిరియగుచు దేహమును చల్లబరచును. జింక ముఖ్యముగా వగర్చి చల్లబడవలెను. దౌడు తీయుచున్నప్పుడు అట్లు వగర్చుట కష్టము. అందుచే అది కొంత దూరము పరుగెత్తి నీడన నిలుచును. అది తేరుకొనకముందే వేటగాడు వచ్చి మరల లేపును. సుమారు 40 డిగ్రీల సెంటిగ్రేడు ఎండలో, 2 నుండి 5 గంటలసేపు, 25 నుండి 35 కిలోమీటర్ల దూరము ఈ తరుముడు సాగును. బయలుదేరునప్పుడు ముగ్గురు నలుగురుండినను, తుదివరకు పరుగెత్తువాడు తరచుగా ఒక్కడే.

అయితే కాళ్ల బలమొక్కటే చాలదు. పొదలలో మృగము కనుమరుగైన పిదప ఇసుకపై గుర్తులే ఆధారము. అడుగుల నడుమ ఎడమునుబట్టి వేగమును, కాలు ఈడ్చిన గుర్తునుబట్టి అలసటను వేటగాడు గ్రహించును. జాడ తప్పినచోట మృగము ఎటు పోయియుండునో ఊహించి ముందుకు సాగును. అచ్చట జాడ దొరకినచో ఊహ సరియైనది. లేనిచో మరియొక ఊహ చేయవలెను. ఊహించుట, పరీక్షించుట, దిద్దుకొనుట అను ఈ క్రమమే విజ్ఞానశాస్త్రమునకు మూలమని దక్షిణాఫ్రికా పరిశోధకుడు లూయీ లీబెన్‌బర్గ్ 1990లో ఒక గ్రంథమున వాదించెను.

మానవదేహము దీర్ఘధావనమునకు అనువుగా పరిణమించుటకు ఇట్టి వేటయే కారణము కావచ్చునని 1984లో డేవిడ్ క్యారియర్ సూచించెను. 2004లో బ్రాంబుల్, లీబర్మన్ అను శాస్త్రజ్ఞులు అస్థిపంజర నిర్మాణమునుండి దీనికి సాక్ష్యములు చూపిరి. ఇట్టి వేటలకు ఉదాహరణములు మిక్కిలి తక్కువని కొందరు ఆక్షేపించిరి. 2024లో ప్రకటితమైన ఒక పరిశీలన 16వ శతాబ్దమునుండి నేటివరకు గల వ్రాతలు శోధించి, ప్రపంచమందు పలుచోట్ల జరిగిన సుమారు 400 ఉదంతములను వెలికి తెచ్చినది. చర్చ ఇంకను ముగియలేదు.

ఈలోగా విద్యయే క్షీణించినది. గుఱ్ఱములు, వేటకుక్కలు రాగా కాలిపరుగు అవసరము తగ్గెను. 1961లో ఏర్పడిన మధ్య కలహారి అభయారణ్యమునుండి 1997లోను, 2002లోను సాన్ కుటుంబములను వెలుపలికి తరలించిరి. 2002నాటి తరలింపు న్యాయవిరుద్ధమని బోట్స్వానా ఉన్నత న్యాయస్థానము 2006లో తీర్పు చెప్పెను. 2014లో వేటపై విధించిన నిషేధమును ప్రభుత్వము 2019లో తొలగించెను. అయితే జాడలు చదువుట గ్రంథములవలన వచ్చు విద్య కాదు. పెద్దలవెంట అడవిలో నడచిన పిల్లలకే అది పట్టుబడును. నడిపించు పెద్దలు గతించిన, ఆ ఇసుకపై గుర్తులు ఎప్పటివలెనే పడుచుండినను, వానిని చదువగలవారు మిగులరు.