రోత్కో అడుగుపూత

హైదరాబాదులో చిత్రకారులకు చట్రం కట్టి, గుడ్డ బిగించి, పూత పూసి కాన్వాసు ఇవ్వడం నా వృత్తి. అమెరికా చిత్రకారుడు మార్క్ రోత్కోలా బొమ్మ వేయాలని మనసుపడే కుర్రాళ్లు వస్తూనే ఉంటారు. ఫోనులో బొమ్మ చూపించి, ‘అన్నా, ఈ మెరూన్ ఏ ట్యూబులో దొరుకుతుంది?’ అని అడుగుతారు. అది ట్యూబులో దొరకదు. బొమ్మ మొదలుకాకముందే గుడ్డలోకి ఇంకిన రంగు అది.

నూనె రంగుకీ గుడ్డకీ పడదు. అవిసె నూనె నేరుగా తగిలితే నూలైనా నారైనా కొన్నేళ్లకు పెళుసెక్కి చిట్లిపోతుంది. అందుకే యూరప్ చిత్రకారులు కొన్ని వందల ఏళ్లుగా ముందు జంతువుల తోలు ఉడికించి తీసిన జిగురు పూసి, దాని మీద తెల్లటి పూత వేసి, ఆ తర్వాతే రంగు ముట్టుకున్నారు. జిగురు గుడ్డకు కాపలా. తెలుపు వెలుతురును వెనక్కి పంపుతుంది. మన దగ్గరా వట్టి గుడ్డ మీద నేరుగా బొమ్మ వేయని పద్ధతులున్నాయి. చేర్యాల నకాషీలు ఉడికించిన చింతగింజల పిండి, సుద్ద, బంక కలిపి పటానికి పూస్తారు. శ్రీకాళహస్తి కలంకారీవాళ్లు గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేస్తారు. పాలలోని కొవ్వు రంగును గీత దాటి పాకనివ్వదు.

రోత్కో ఏం చేశాడంటే, కాపలాగా ఉండాల్సిన ఆ జిగురులోనే రంగుపొడి కలిపాడు. తెల్లపూత మానేశాడు.

1958లో న్యూయార్క్ సీగ్రామ్ భవనంలోని ఫోర్ సీజన్స్ రెస్టారెంటు గోడలకు బొమ్మలు వేయడానికి ఒప్పుకున్నప్పుడు ఈ పని పెద్ద ఎత్తున సాగింది. బవరీ వీధిలో ఒకప్పటి వ్యాయామశాలను అద్దెకు తీసుకుని, రెస్టారెంటు గది కొలతలకు సరిపడా కొయ్య కట్టడం లేపుకున్నాడు. డాన్ రైస్ అనే యువ చిత్రకారుడు సహాయకుడు. దళసరి నూలు గుడ్డ చట్రానికి బిగించేవారు. కుందేలు తోలు జిగురు వేడిచేసి, అందులో మెరూన్ రంగుపొడి కలిపి, గుడ్డంతా పూసేవారు. దాని మీద రోత్కో పల్చటి పొరలు వేసుకుంటూ పోయేవాడు. నూనె రంగుతో ఆగలేదు. గుడ్డు, డమ్మర్ గుగ్గిలం, కృత్రిమ రెసిన్లు కూడా ఆ పొరల్లో ఉన్నాయని తర్వాతి కాలపు పరీక్షల్లో తేలింది. బతికుండగా మాత్రం తన పద్ధతి గురించి నోరు విప్పడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు.

ఈ అడుగుపూతను నేను వేసే తీరు చెబుతాను. జిగురు పలుకులు రాత్రి నీళ్లలో నానేసి, పొద్దున వేడినీళ్ల గిన్నెలో మరో గిన్నె పెట్టి కరిగించాలి. మరిగిందా, జిగురు బలం పోయినట్టే. రంగుపొడిని ముందు కొద్ది నీళ్లతో ముద్దగా నూరుకోవాలి, లేకపోతే గుడ్డ మీద ఉండలు తేలతాయి. తర్వాత వెడల్పాటి కుంచెతో, అంచు ఆరకముందే పక్క వరస అందుకుంటూ పూయాలి. చల్లారితే జిగురు జున్నులా గడ్డకడుతుంది, కాబట్టి మధ్యలో ఆగకూడదు. చట్రం పక్కలకూ పూయాలి, రోత్కో తన బొమ్మలను పక్కల దాకా తిప్పి వేసి, ఫ్రేము లేకుండా పెట్టేవాడు. వానాకాలంలో ఈ పని నేను ఒప్పుకోను. తోలుజిగురు తేమ పీల్చుకుని గుడ్డ వదులవుతుంది. పూత ఆరాక మెరుపు ఉండదు, నేత కనబడుతూనే ఉంటుంది. పైన వేసే పల్చటి నూనె రంగు అక్కడక్కడా మెరుస్తూ, అక్కడక్కడా అణిగి ఉంటుంది. రోత్కో బొమ్మ ముందు నిలబడితే రంగు ఊపిరి పీలుస్తున్నట్టు అనిపించడానికి ఈ తేడాయే సగం కారణమని నేను నమ్ముతాను. దీర్ఘచతురస్రాలు ఎంత జాగ్రత్తగా నకలు చేసినా, బజారు తెల్లపూత మీద అది రాదు.

రెస్టారెంటు పనిని రోత్కో చివరికి వదులుకున్నాడు. దానికోసం వేసిన వాటిలో తొమ్మిది బొమ్మలు లండన్ టేట్ గ్యాలరీకి ఇచ్చాడు. అవి లండన్ చేరిన 1970 ఫిబ్రవరి 25నే ఆయన న్యూయార్క్‌లో చనిపోయాడు.

ఈ పద్ధతిలో ప్రమాదమూ ఉంది. 1964లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం భోజనశాలలో ఆయన బొమ్మలు ఐదు పెట్టారు. వాటిలో లిథోల్ రెడ్ అనే రంగుపొడి వాడాడు. పెద్ద కిటికీల ఎండకు ఆ ఎరుపు వెలిసి, బొమ్మలు నీలి, బూడిద రంగులకు తిరిగాయి. 1979లో వాటిని దించేశారు. పైన వార్నిష్ లేదు, పూతలు పల్చన, కాబట్టి కుంచెతో సరిదిద్దే వీలు లేకపోయింది. చివరికి 2014లో పోయిన రంగును ప్రొజెక్టరు వెలుతురుతో బొమ్మల మీద పడేలా చేసి ప్రదర్శించారు. ఒక్క రంగుపొడి ఎంపిక తెచ్చిన కష్టం అది.

2012 అక్టోబరు 7న లండన్ టేట్ మోడర్న్‌లో ఒకడు, ఆ రెస్టారెంటు కోసం వేసిన బొమ్మల్లో ఒకటైన ‘బ్లాక్ ఆన్ మెరూన్’ మీద ఇంకుతో రాశాడు. ఇంకు పొరలు దాటి కొన్నిచోట్ల గుడ్డ వెనక వరకూ దిగింది. ఒక పొర తట్టుకునే ద్రావకం మరో పొరను కరిగిస్తుంది కనుక, ఇంకు తీసేందుకు ముందు నమూనాల మీద పరీక్షలు చేశారు. రోత్కో కుటుంబం అప్పుడు చేసిన సాయం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. 1950ల చివర రోత్కో ఇదే మెరూన్ అడుగుపూత పూసి, బొమ్మ వేయకుండా వదిలేసిన కాన్వాసు ఒకటి వాళ్ల దగ్గర ఉండేది. పరీక్షల కోసం దాన్ని ఇచ్చేశారు. 2014 మే నెలలో బొమ్మ తిరిగి గోడకెక్కింది. ఒట్టి అడుగుపూత వేసిన గుడ్డే ఆయన బొమ్మను కాపాడటంలో భాగమైంది.

రోత్కో అంటే ఇష్టపడి కాన్వాసు సిద్ధం చేసుకునేవాళ్లకు నాదొక విన్నపం. ఎండకు నిలవని ఎరుపు వాడకండి. జేగురుపొడిలో కొద్దిగా నలుపు కలిపినా మంచి మెరూన్ వస్తుంది, అది వెలవదు. ఏ గుడ్డ, ఏ జిగురు, ఏ రంగుపొడి, ఏ సంవత్సరం అన్నది చట్రం వెనక పెన్సిలుతో రాసిపెట్టండి.