సూరత్ తీరాన గ్రహశకలాల అన్వేషణ

మద్రాసు వేధశాలలో నార్మన్ పోగ్సన్ 1861లో ‘ఆసియా’ అనే గ్రహశకలాన్ని కనుగొనడంతో భారతదేశంలో మొదలైన అన్వేషణ, శివారులో డుమస్ సముద్రతీరమున్న సూరత్ నగరంలో 2020 నాటికి పాఠశాల విద్యార్థుల చేతికందింది. హవాయిలోని పాన్-స్టార్స్ టెలిస్కోపు తీసిన చిత్రాలను పరిశీలించిన ఇద్దరు పదో తరగతి విద్యార్థినులు, అంగారకుని చేరువలో సంచరిస్తున్న హెచ్‌ఎల్‌వి2514 అనే శకలాన్ని గుర్తించిన వార్త ఆ ఏడాది జులైలో వెలువడింది. సూర్యుని చుట్టూ ఇటువంటి శిల తిరిగే మార్గమైన కక్ష్య, భూకక్ష్యకు దాదాపు 75 లక్షల కిలోమీటర్లలోపు వచ్చి, శిల పరిమాణం సుమారు 140 మీటర్లకు మించితే, దానిని ‘ప్రమాదకరం కాగల గ్రహశకలం’గా శాస్త్రజ్ఞులు వర్గీకరిస్తారు. గ్రహాల ఆకర్షణ వల్ల కక్ష్యలు క్రమంగా మారుతాయి కనుక, సూరత్ విద్యార్థినులు గుర్తించిన శకలం సుమారు పది లక్షల ఏళ్లకు భూకక్ష్యను దాటవచ్చన్న అంచనా ఉంది; అది అంత సుదూర కాలపు మాట కాబట్టి భయపడవలసిన పని లేదు. అయినా పదేపదే పరిశీలించి కక్ష్యలను సరిదిద్దుకోవడమే భూమికి నిజమైన రక్షణ.