పక్షవాతమునకు కణచికిత్స: మూషికముల సాక్ష్యము



పక్షమనగా ప్రక్క. దేహమున ఒక ప్రక్క పడిపోవుటను బట్టి మన పూర్వులు ఈ వ్యాధికి పక్షవాతమని పేరిడిరి. లక్షణము కాలుసేతులందు కనబడినను, మూలము మెదడునందున్నది. మెదడునకు రక్తము కొనిపోవు నాళము మూసికొనిపోయినచో, అచ్చటి కణములు నిమిషములలోనే నశింప నారంభించును. అట్లయిన సజీవకణములను బయటినుండి పంపి ఆ లోటును తీర్పరాదా? ఈ ప్రశ్నకు జవాబు వెదకిన చరిత్రయే నేటి నా ప్రసంగ విషయము.

చికిత్సను పరీక్షింపవలెనన్న, ముందు వ్యాధిని ఒకే తీరున కలిగింప నేర్వవలెను. 1981లో గ్లాస్గో నగరమున తమూరా ప్రభృతులు ఎలుక కపాలమును తెరచి, మెదడు మధ్యధమనిని మూసిరి. 1986లో జపానుదేశీయుడగు కొయిజుమియు నతని సహచరులును కపాలము తెరువకయే, మెడలోని ధమనిద్వారా సన్నని పోగును పైకి పంపి ఆ ధమనిని అడ్డగించు ఉపాయమును కనిపెట్టిరి. 1989లో లాంగా మొదలగువారు దానిని సంస్కరించిరి. పోగును వెనుకకు తీసినచో రక్తము మరల ప్రవహించును.

2001లో అమెరికాలోని డెట్రాయిట్ నగరమున చెన్, చాప్ మొదలగువారు రెండు గంటలు ధమనిని మూసిన ఎలుకలకు, మరునాడు ఎముకల మూలుగనుండి తీసి పెంచిన కణములను ముప్పది లక్షలు సిరద్వారా ఎక్కించిరి. తిరుగుచున్న కడ్డీపై ఎలుక ఎంతసేపు నిలువగలదో, ముంగాలికి అంటించిన కాగితపు ముక్కను ఎంత త్వరగా ఊడదీయగలదో కొలిచిరి. పదునాలుగు దినములకు, కణములు పొందిన ఎలుకలు మిగిలినవానికంటె మెరుగుగా నుండెను. కాని మెదడును పరిశీలింపగా, నాడీకణముల లక్షణములు చూపిన క్రొత్త కణములు మిక్కిలి స్వల్పము. అవి చచ్చినవాని స్థానమున నిలిచి మేలు చేసినవి కావనియు, పోషకద్రవ్యముల మూలమున బ్రతికియున్న మెదడునకు తోడుపడియుండుననియు శాస్త్రజ్ఞులు తలచిరి.

పిదప మానవులవంతు వచ్చెను. మన దేశమున అయిదు కేంద్రములలో 120 మంది రోగులతో జరిగిన పరీక్ష ఫలితములు 2014లో వెలువడెను. అందు సగముమందికి వారి మూలుగకణములనే సిరలోనికి ఎక్కించిరి. హాని కనబడలేదు, మేలును కనబడలేదు.

ఎలుకలు అబద్ధమాడెనా? లేదని నా అభిప్రాయము. ప్రయోగశాలలోని ఎలుక సాధారణముగా వయసులోనిది, వేరు రోగము లేనిది. దాని ధమని మూసిన వేళ నిమిషముతో సహా తెలియును. చికిత్స మరునాడే అందెను. మన రోగి తరచుగా వృద్ధుడు, మధుమేహియు రక్తపుపోటు గలవాడును. పై పరీక్షలో కణములందుటకు కొన్ని దినములు గడచెను. 1999లోనే పరిశోధకులు కూడి, ఏ జంతువునకు మందిచ్చిరో కొలుచువానికి తెలియరాదనియు, ఒకే ప్రయోగశాల మాటను నమ్మరాదనియు నియమములు సూచించిరి. సాక్షి చెప్పినదానికంటె అధికముగా వినుట మన దోషమేగాని సాక్షిది కాదు.

ఈ వివేకము పండితులకే కాదు, గృహస్థులకును వలయును. పక్షవాతమునకు కణచికిత్స ఈనాటికిని పరీక్షాదశను దాటలేదు. పరీక్షలకు వెలుపల దానిని అమ్మరాదని భారత వైద్య పరిశోధనా మండలి 2017 నాటి నియమములు చెప్పుచున్నవి. అయినను పొలమమ్మి ఈ ఆశను కొనువారు కలరు. మూతి వంకరపోయినను, చేయి పడిపోయినను, మాట తడబడినను తత్‌క్షణమే ఆసుపత్రికి చేర్పుడు. గడ్డను కరిగించు మందు సాధారణముగా నాలుగున్నర గంటలలోపలనే ఈయవలసియుండును. పిదప ఓర్పుతో చేయించు వ్యాయామము మేలుచేయును. ఎలుకలు మోసిన కష్టము వృథా కాకుండవలెనన్న, అవి చెప్పినంతయే నమ్ముదము. చెప్పనిదానిని ఇంకను అడుగుదము.